బస్టాండు ఫ్లెక్సీలో మా పిల్ల

ఆ కబురు మొదట నాకు తెచ్చింది మా ఎదురింటి కండక్టరమ్మ. బందరు నుంచి గుడివాడ వెళ్ళే బస్సు ఆవిడది. డ్యూటీ దిగి ఇంటికి వెళ్తూ, చీర మీద వేసుకున్న ఖాకీ కోటు ఇంకా విప్పకుండానే, మా గేటు పట్టుకుని కేకేసింది.

“అక్కా! మీ మేడమీది పిల్ల గుడివాడ బస్టాండు ఎదురుగా మేడంత ఎత్తున నిలబడింది, తెలుసా?”

నేను వత్తులు చేసుకుంటున్నాను. “గుడివాడలో నిలబడ్డమేంటి చెల్లాయ్? అది పైన బట్టలారేసుకుంటోంది” అన్నాను.

“మనిషి కాదక్కా, ఫ్లెక్సీ! పెద్ద ఉద్యోగం వచ్చిందంట. స్వీట్లు మీరిద్దరే తినేసి మూతి తుడుచుకున్నారన్నమాట. కానివ్వండి, కానివ్వండి. రేపు నా బస్సెక్కరా!”

ఫోన్ తీసి ఫోటో చూపించింది. నీలం రంగు ఫ్లెక్సీ. పైన కాలేజీ పేరు, సెక్రటరీగారి నవ్వుమొహం. కింద వరసగా పిల్లల మొహాలు, వాటి మధ్యలో మా పిల్ల. మెడకింద ఏదో కంపెనీ పేరు, “ఉద్యోగం సాధించిన మా విద్యార్థిని” అన్న మాటలు. అట్టడుగున, అన్నిటికన్నా పెద్ద అక్షరాల్లో, “అడ్మిషన్లు జరుగుచున్నవి”.

మా పిల్ల అన్నానే గానీ నేను కన్న పిల్ల కాదు. దివిసీమలో, నాగాయలంక దాటాక ఒక పల్లె వాళ్ళది. తండ్రి పడవ మీద వేటకి వెళ్తాడు, తల్లి చేపలు ఎండబెట్టి అమ్ముతుంది. పిల్ల గుడివాడలో ఒక ప్రైవేటు కాలేజీలో బీఎస్సీ చదివి, ఉద్యోగం వెతుక్కోవడానికి బందరొచ్చి మా మేడమీది గదిలో అద్దెకి దిగింది. వాళ్ళింట్లో అంతకుముందు ఎవరూ పదో తరగతి దాటలేదు.

కబురు వినగానే నేను దేవుడి గదిలోకి వెళ్ళాను. పాండురంగడి పటం ముందు బెల్లంముక్క పెట్టి, “తండ్రీ, ఆ పిల్ల కష్టం చూశావు” అని దణ్ణం పెట్టుకున్నాను. ఇంతలో కండక్టరమ్మ పిలుపుకి పిల్ల కిందికి దిగింది. ఫోన్‌లో ఫోటో చూసి నవ్వుతుందనుకున్నాం. మెట్టుమీద కూలబడిపోయింది.

“ఆ ఉద్యోగం లేదండీ, పిన్నిగారూ. ఎప్పుడూ లేదు.”

పిల్ల అప్పుడు చెప్పింది. ఆఖరి సంవత్సరంలో కాలేజీకి ఒక కంపెనీ తరఫున ఎవరో వచ్చారట. స్టేజీ మీద అందరికీ ఆఫర్ లెటర్లు చేతికిచ్చి ఫోటోలు తీశారట. ఫలానా రోజు హైదరాబాదు రమ్మంటే తండ్రిని తోడు తీసుకుని వెళ్ళింది. ఆ చిరునామాలో షట్టర్ దించి ఉంది. పక్కనే దోసెలు వేస్తున్న ఆయన్ని అడిగితే, “వాళ్ళు ఎప్పుడో ఖాళీ చేశారమ్మా. నీలాంటోళ్ళు రోజుకొకరు వస్తున్నారు” అన్నాడట. తిరిగొచ్చి కాలేజీలో చెప్తే, “ట్రై చేస్తూ ఉండమ్మా” అన్నారు. ఈ పిల్ల ట్రై చేస్తోంది. కాలేజీవాళ్ళు మాత్రం స్టేజీ మీద తీసిన ఫోటో ఒక్కటి భద్రంగా దాచుకున్నారు.

ఆ పూట నేను దేవుడి గదిలోకి మళ్ళీ వెళ్ళలేదు. పెట్టిన నైవేద్యం వెనక్కి తీసుకోకూడదు కదా. ఆ బెల్లంముక్కని అలాగే ఉంచేశాను.

నా గురించి కాస్త చెప్పాలి, లేకపోతే ఈ పిల్లల సంగతి నాకెందుకో అర్థం కాదు. చిన్నప్పుడు జ్వరమొచ్చి నాకు ఒక కాలు చచ్చుబడింది. బడికి మోసుకెళ్ళేవాళ్ళు లేక, గుమాస్తా ఉద్యోగం చేసే మా నాన్నగారే ఇంట్లో చదువు చెప్పారు. ఆయన పద్ధతి ఒకటుండేది. నన్ను వీధి కిటికీ దగ్గర కూర్చోబెట్టి ఆఫీసుకెళ్ళేవారు. సాయంత్రం వచ్చి, “ఇవాళ వీధిలో ఏం జరిగింది? నేను చూడలేదు, నాకు చెప్పు” అనేవారు. చెప్పాలి. గజిబిజిగా చెప్తే, “నాకు అర్థం కాలేదు, మళ్ళీ మొదట్నుంచీ” అనేవారు. లెక్కలూ వ్యాకరణమూ తర్వాత వచ్చాయి. నాకు నోరిచ్చింది మాత్రం ఆ కిటికీ. ఇవాళ కర్ర పట్టుకుని నడుస్తూ నలుగురిలో మాట్లాడగలుగుతున్నానంటే అది ఆయన భిక్ష. రోజూ దీపం పెట్టాక మొదటి నమస్కారం ఆయనకే.

అందుకే డిగ్రీలు పూర్తయి మేడమీద అద్దెకి దిగే ఆడపిల్లల్ని సాయంత్రాలు వసారాలో కూర్చోబెట్టుకుంటాను. ఉద్యోగం ఇప్పించే తాహతు నాకు లేదు. “ఇవాళ బస్సులో ఏం చూశావు? నాకు చెప్పు” అంటాను. మొదట్లో నవ్వుతారు. తర్వాత తెలుస్తుంది వాళ్ళకి, ఇన్నేళ్ళ చదువులో ఎవరూ తమని సొంత మాటల్లో ఒక్క సంగతీ చెప్పమని అడగలేదని. ఇంటర్వ్యూలో “నీ గురించి చెప్పు” అనగానే బట్టీ పట్టిన నాలుగు ఇంగ్లీషు వాక్యాలు గబగబా అప్పజెప్పి చెమటలు కక్కేది అందుకే. తప్పు వాళ్ళదా? ఫీజు కట్టించుకున్నవాళ్ళకి లేని చింత వాళ్ళకి ఉండాలా?

ఫ్లెక్సీతో అయిపోలేదు. దాన్ని ఎవరో వాట్సాప్‌లో పిల్ల ఊరికి పంపారు. ఊళ్ళో కుర్రాళ్ళు ఊరుకుంటారా? రామాలయం దగ్గర వాళ్ళొక ఫ్లెక్సీ కట్టారు. “మా ఊరి ఆణిముత్యానికి శుభాకాంక్షలు” అట. అందులో పిల్ల ఫోటోకన్నా నాయకుల ఫోటోలు పెద్దవి. ఆదివారం ఊరికి పిలిపించి శాలువా కప్పారు. తిరిగొచ్చి శాలువాని సంచిలోంచి తీయకుండానే ఏడ్చింది.

“లేదని అక్కడే చెప్పొచ్చు కదే తల్లీ?”

“పెద్దవాళ్ళంతా లేచి నిలబడ్డారండీ. అమ్మ కొత్త చీర కట్టుకుంది. ఎలా చెప్పనండీ?”

నిజమే, ఎలా చెప్తుంది? మా వైపు ఊళ్ళలో శాలువా కప్పించుకున్న మనిషికి ఇక వెనక్కి నడవడానికి దారి ఉండదు. తర్వాత వారం తండ్రి గిలకలదిండి హార్బరుకి పనిమీద వచ్చి మా ఇంటికొచ్చాడు. నేను తినను కాబట్టి చేపల బదులు అరటిగెల మోసుకొచ్చాడు. వసారాలో కూర్చుని మొహమాటంగా అన్నాడు.

“అమ్మగారూ, మా బావమరిది కొడుకూ డిగ్రీ అయ్యాడు. మన పిల్ల కంపెనీలో ఒక మాట చెప్పిస్తే ఆడి బతుకూ బాగుపడతాదని ఊళ్ళో అంటన్నారు.”

షట్టర్ దించిన ఆఫీసుని ఆయన కళ్ళారా చూసివచ్చాడు. కానీ తర్వాత వేరే చోట పిలిచి ఉద్యోగం ఇచ్చారనీ, చేరే రోజు కోసమే పిల్ల ఇంకా బందరులో ఉందనీ నమ్మాడు. అంత పెద్ద కాలేజీ అంత పెద్ద బొమ్మ అబద్ధానికి వేస్తుందని ఆయనకెలా తోస్తుంది? పిల్ల తలుపు చాటున నిలబడి నాకేసి చూస్తోంది, చెప్పొద్దని. “దేవుడి దయవల్ల అన్నీ సర్దుకుంటాయి నాయనా” అన్నాను. అబద్ధం ఆడలేదు, నిజమూ చెప్పలేదు. ఒక కాలేజీ ఆడిన అబద్ధానికి నేను, ఆ పిల్ల, ఆ తల్లిదండ్రులు కాపలా కాయాల్సి వచ్చింది. నాకు కోపమొచ్చింది. మామూలుగా వచ్చి పోయే కోపం కాదు. కోపంతో దీపం పెట్టకూడదంటారు. ఆ రోజుల్లో నేను కోపంతోనే పెట్టాను. పాండురంగడేమీ అనుకోలేదు.

అలాంటి సమయంలో ఒక మంచి అవకాశం వచ్చింది. ముదినేపల్లి దగ్గర చేపల చెరువుల రైతులు కొందరు కలిసి ఒక ల్యాబు పెట్టుకున్నారు. చెరువుల నీళ్ళు, రొయ్యలకొచ్చే జబ్బులు పరీక్ష చేయడానికి. డిగ్రీ అయిన వాళ్ళని తీసుకుని, కొన్నాళ్ళు పని నేర్పి, కుదురుగా ఉంటే పర్మనెంటు చేస్తారట. పిల్ల చదివింది జువాలజీ. నాకు తెలిసి ఆ పిల్లకి సరిగ్గా అమరే ఉద్యోగం అదొక్కటే. హైదరాబాదంత దూరం కాదు, చదువుకి తగ్గది, మధ్యలో ఊడిపోనిది.

కండక్టరమ్మ బస్సులోనే వెళ్ళాం. “ఆడవాళ్ళకెలాగూ జీరో టికెట్టే, డబ్బులక్కర్లేదు. కాకపోతే ఉద్యోగం రాకుండా తిరిగొస్తే నా బస్సెక్కనివ్వను” అని బెదిరించి, నాకు ముందు సీటు ఖాళీ చేయించింది. గుడివాడలో దిగగానే ఎదురుగా ఫ్లెక్సీ. పిల్ల చున్నీ మొహానికి అడ్డం పెట్టుకుంది. తన మొహం నుంచి తనే దాక్కుంది పాపం. అక్కణ్ణుంచి ఆటోలో వెళ్ళాం.

ల్యాబు ప్రెసిడెంటుగారు పెద్దవయసు రైతు. పంచె కట్టు, నిదానమైన మాట. నన్ను కుర్చీలో కూర్చోబెట్టి మంచినీళ్ళు ఇప్పించారు. పిల్లని, “చెరువులో చేప తెల్లవారుజామున ఎందుకు పైకి తేలుతుందమ్మా?” అని అడిగారు. పిల్ల వసారాలో చెప్పినట్టే చెప్పింది. రాత్రంతా ఎండ ఉండదు కాబట్టి నీళ్ళలో నాచు ఆక్సిజన్ తయారు చేయలేదని, పైగా అదీ చేపలూ కలిసి ఉన్నదాన్ని వాడేస్తాయని, తెల్లారేసరికి ఊపిరాడదని. తెలియని ప్రశ్న అడిగితే, “అది తెలియదండీ, నేర్చుకుంటాను” అంది. ఆయన మొహం విచ్చుకుంది. అంతలో కళ్ళజోడు సర్దుకుని పిల్లని పరీక్షగా చూశారు.

“నిన్నెక్కడో చూశానే అమ్మాయ్... ఆ! బస్టాండు ఎదురుగా! రోజూ చూస్తున్నాను కదా నిన్ను!”

పిల్ల చెయ్యి మళ్ళీ చున్నీ మీదికి పోయింది.

“నీకు ఉద్యోగం ఉందిగా తల్లీ? మరి ఇక్కడికెందుకొచ్చావు? కిందటేడు ఇలాగే ఒకబ్బాయి చేతిలో ఉద్యోగం పెట్టుకుని మా దగ్గర పని నేర్చుకున్నాడు. సరిగ్గా రొయ్యలకి జబ్బు తగిలిన రోజుల్లో చెప్పకుండా వెళ్ళిపోయాడు. చెరువులకి చెరువులు పోయాయి. అందుకే ఎక్కడా జాయిన్ కాని వాళ్ళనే తీసుకోవాలని తీర్మానం చేసుకున్నాం.”

పిల్ల జరిగింది చెప్పింది. నేనూ చెప్పాను. ఆయన కాలేజీకి ఫోన్ చేసి అందరికీ వినపడేలా స్పీకర్ పెట్టారు. అవతలి గొంతు తడుముకోలేదు. “మా స్టూడెంటేనండీ. ప్లేసయిపోయింది. హైదరాబాద్‌లో జాయినైపోయింది కూడా.” పిల్ల ఆ గదిలోనే ఉంది, ఆ కుర్చీలోనే ఉంది, ఊపిరి పీలుస్తోంది. హైదరాబాదులో మాత్రం ఉద్యోగం చేస్తోంది!

ప్రెసిడెంటుగారు మంచివారు, అందుకే ఇరకాటంలో పడ్డారు. “మీరు అబద్ధం చెప్తున్నారనను అమ్మా. కానీ నాతోటి రైతులకి నేను జవాబు చెప్పుకోవాలి. కాలేజీ నుంచి ఒక్కరు వచ్చి, ఈ పిల్లకి ఉద్యోగం లేదని నా ముందు చెప్తే చాలు. శనివారం దాకా ఈ చోటు ఎవరికీ ఇవ్వను.”

అటునుంచి అటే కాలేజీకి వెళ్ళాం. ప్లేస్‌మెంట్ ఆఫీసరు గదిలో ఏసీ, గోడనిండా శాలువాల ఫోటోలు. కుర్చీ చూపించలేదు. కర్ర మీద ఆనుకుని నిలబడే మాట్లాడాను.

“ఈ అమ్మాయికి ఉద్యోగం లేదని ఒక్క మాట చెప్పండి బాబూ. ఫ్లెక్సీ మీ ఇష్టం, ఉంచుకోండి.”

“ఆఫర్ ఇప్పించాం కదండీ. నిలబెట్టుకోలేకపోవడం ఆమె తప్పు.”

“షట్టర్ దించిన ఆఫీసులో ఎలా నిలబెట్టుకుంటుంది?”

“చూడండమ్మా, ఇది అడ్మిషన్ల టైము. ఒకళ్ళకి లేదని చెప్తే రేపు అందరూ వస్తారు.”

ఆ మాట అన్నది కోపంలో కాదు. నాకు లోకం తెలియదని జాలిపడి, నచ్చజెప్తున్నట్టు అన్నాడు. అంటే అందరిదీ ఇదే కథ అన్నమాట! ఆ నీలం ఫ్లెక్సీ మీద నవ్వుతున్న మొహాల్లో ఎందరు ఏ ఊళ్ళో తలుపు చాటున నిలబడి ఉన్నారో! ఒక ఆడపిల్ల మొహం తీసుకుని, ఆమెని అడక్కుండా నడివీధిలో వేలాడదీసి, లేని ఉద్యోగం ఉందని చూపించి, ఆ ఎరతో ఇంకో పల్లె నుంచి ఇంకో ఆడపిల్లని చేర్చుకుంటారు. వచ్చిన ఒక్క నిజమైన ఉద్యోగానికీ ఆ బొమ్మే అడ్డం పడితే, అది ఆ పిల్ల తప్పంటారు. దొంగతనమంటే గోడ దూకడమే అనుకునేదాన్ని నేను.

“నీ పిల్లల మొహం ఇలా కడితే ఊరుకుంటావా బాబూ?” అని అడిగాను. అతను ఫోన్ ఎత్తుకుని, “హలో” అన్నాడు. అది మోగనే లేదు.

వరండాలో పిల్ల నా చెయ్యి పట్టుకుని నడిపిస్తుంటే, వెనకనుంచి చెప్పుల చప్పుడు. సన్నగా, ఇస్త్రీ నలిగిన చొక్కాతో ఒక యువకుడు. పిల్లకి జువాలజీ చెప్పిన లెక్చరరట. కాలేజీలో గంటల లెక్కన పాఠాలు చెప్తాడు. ఉద్యోగం అనడానికి లేదు. గంట ఉంటే జీతం, సెలవులొస్తే ఏమీ లేదు. ఏ టర్ముకా టర్మే పిలవాలి.

“లోపల మాటలు విన్నానండీ. శనివారం నేనొస్తాను” అన్నాడు.

పిల్ల కంగారుపడింది. “వద్దు సార్. మిమ్మల్ని ఉంచరు సార్.”

“క్లాసులో అటెండెన్స్ వేసేటప్పుడు నువ్వు ఉంటే ఉన్నావనే వేశాను, లేకపోతే లేవనే వేశాను. ఇప్పుడూ అంతే కదమ్మా” అని నవ్వాడు.

నేను అతన్ని ఏమని ఆశీర్వదించాలో తోచక, “మీ అమ్మగారు చల్లగా ఉండాలి నాయనా” అన్నాను.

శనివారం పొద్దున్న మేం ల్యాబుకి చేరేసరికే అతను వచ్చి వేపచెట్టు కింద నిలబడి ఉన్నాడు. ప్రెసిడెంటుగారు ఇంకో ఇద్దరు రైతుల్ని కూడా పిలిపించారు. వాళ్ళలో ఒకాయనకి అనుమానం.

“మీరు ఏ హోదాలో చెప్తున్నారు మాస్టారూ? ప్రిన్సిపాలా?”

“హోదా ఏమీ లేదండీ. గెస్ట్ లెక్చరర్ని. ఈ అమ్మాయికి పాఠం చెప్పాను. కంపెనీ మూసేసిందని ఏడుస్తూ వచ్చినప్పుడు స్టాఫ్ రూములో నేనే ఉన్నాను. ఈమెకి ఉద్యోగం లేదు. ఫ్లెక్సీ మీదున్నది నిజం కాదు. కావాలంటే ఇప్పుడే మా కాలేజీకి ఫోన్ చేయండి, నా పేరుతో, ఇదే మాట చెప్తాను.”

“మీ మీదకి రాదూ?”

“వస్తుందండీ” అన్నాడు, వానొస్తుందండీ అన్నంత మామూలుగా.

ప్రెసిడెంటుగారు తోటి రైతులిద్దరికేసి చూస్తే, వాళ్ళు తలూపారు. తర్వాత పిల్లవైపు తిరిగి, “సోమవారం నుంచి రా అమ్మా. చెరువుగట్ల మీద తిరగాలి, మంచి చెప్పులు వేసుకుని రా” అన్నారు. పిల్ల ముందు మాస్టారికి దణ్ణం పెట్టింది. నేను కుర్చీలోనే కూర్చుని కళ్ళు మూసుకున్నాను. ఆ సాయంత్రం కండక్టరమ్మకి స్వీట్ల బాకీ తీరింది. ఆవిడ బస్సులో డ్రైవరు దగ్గర్నుంచి అందరికీ పంచింది.

తండ్రికి పిల్లే స్వయంగా అన్నీ చెప్పింది, మా వసారాలోనే. ఆయన, “నాతో చెప్పుంటే శాలువా నేనే తిరిగిచ్చేసేవోణ్ణి కదే” అన్నాడు. పిల్ల కుదురుగా పని నేర్చుకుంది. ఇప్పుడు పర్మనెంటయింది. రైతులు ఫోన్ చేసి, “అమ్మాయిగారూ, నీళ్ళు తేడాగా ఉన్నాయి, ఒకసారి వస్తారా” అంటుంటే వింటాను. నా చెవులకి అది మంగళవాద్యం. ఇందుకు పాండురంగడికి, మా నాన్నగారికి, ప్రెసిడెంటుగారికి, మా కండక్టరమ్మకి రోజూ కృతజ్ఞతలు చెప్పుకుంటాను.

కానీ నా కోపం చల్లారలేదు, చల్లారనివ్వను కూడా. ఎందుకంటే ల్యాబులో అన్న మాట కాలేజీదాకా పోయింది, తర్వాతి టర్ముకి ఆ మాస్టారిని పిలవలేదు. కారణం చెప్పలేదు. తీసేశామని చెప్పడానికి ఉద్యోగమంటూ ఉంటే కదా! పిల్లకి స్థిరమైన పని ఇప్పించిన మనిషికి స్థిరమైన పని లేదు. పోయింది ఎంత చిన్నదైనా, అతనికి ఉన్నది అదే. ఇప్పుడు ట్యూషన్లు చెప్పుకుంటున్నాడని విన్నాను. పిల్ల ఫోన్ చేస్తే, “నాకేం ఫర్లేదమ్మా, నీ పని చూసుకో” అంటాడట.

మొన్న కండక్టరమ్మ మళ్ళీ మా గేటు పట్టుకుంది. ఈసారి కేకెయ్యలేదు. ఫోన్ నా చేతికిచ్చి ఊరుకుంది. బస్టాండు ఎదురుగా కొత్త ఫ్లెక్సీ. పాత కంపెనీ పేరు తీసేసి, పిల్ల మొహం కింద ముదినేపల్లి ల్యాబు పేరు వేశారు. “మా కాలేజీ కృషి ఫలితం” అట. ఇప్పుడది అబద్ధమని అనడానికి కూడా లేకుండా చేశారు. ఆ ఉద్యోగం ఎవరి వల్ల వచ్చిందో ఆ మనిషి బొమ్మ మాత్రం అందులో ఏ మూలా లేదు.

మీలో ఎవరైనా గుడివాడ మీదుగా వెళ్తే, ఆ ఫ్లెక్సీ మీ కంట పడకుండా పోదు. అంత పెద్దది. దాని ముందు బస్సు ఆగినప్పుడు మా పిల్లని చూడండి, తప్పులేదు, ఇప్పుడది నిజమే. కానీ వేపచెట్టు కింద ఇస్త్రీ నలిగిన చొక్కాతో నిలబడి, “వస్తుందండీ” అన్న ఆ మాస్టారిని ఒక్కసారి తలుచుకోండి. మీ ఇంట్లో దీపం పెట్టే అలవాటుంటే, ఆ పూట ఆయన క్షేమం కూడా అడగండి. నేను రోజూ అడుగుతున్నాను.